ఇంటి మరమ్మతు: అదను చూసి సరుకు కొనాలి

రామచంద్రపురం: పాత పెంకుటిళ్లు బాగుచేయించుకునేవారు తొలకరిలోగా పైకప్పు పని ముగించుకోవడం మేలు. వానలు పట్టుకుంటే ఇటుక బట్టీలు ఆగుతాయి. కప్పు విప్పిన ఇల్లు తడిసి అదనపు ఖర్చు మీద పడుతుంది.

సిమెంటుపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ రేటు చూచుకోవాలి. చవకని బస్తాలు నిల్వ చేయరాదు. మూడు నెలల్లో సుమారు అయిదో వంతు పటుత్వం పోతుంది. 12 మి.మీ. ఇనుప ఊచ మీటరుకు సుమారు 0.89 కిలో తూగాలి. బాగా తగ్గితే పుచ్చుకోరాదు.

పుచ్చని పాత టేకు ద్వారబంధాలను చిత్రిక పట్టించి వాడుకోవచ్చు. ముందు కప్పు, పిదప గోడలు, గచ్చు, రంగులు చివర. అంచనాపై పదో వంతు చేతిలో ఉంచుకోకుంటే సగం పనిలో వడ్డీకి అప్పు తేవలసివస్తుంది.