రిమోట్ కారు సరదా, బ్యాటరీ సంరక్షణ: ఎన్నూరు తీరం నుండి సరిహద్దు పల్లెల దాకా

చెన్నై నగరానికి ఉత్తరపు కొసన, కొసస్తలైయారు నది సముద్రంలో కలిసే చోటనున్న ఎన్నూరుకు మోటారు వాహనాలతో అనుబంధం పాతది. అశోక్ లేలాండ్ వారి కర్మాగారం అక్కడే ఉన్నది. నేడు కామరాజర్ నౌకాశ్రయంగా పిలువబడే ఎన్నూరు రేవు నుండి 2010లో నిస్సాన్ సంస్థ కార్ల ఎగుమతి ఆరంభించింది. ఎన్నూరుకు పడమటనున్న షోళవరంలో, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల బాట మీద, 1953లో స్థాపితమైన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు దశాబ్దాల పాటు కారు పందేలు జరిపింది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ఆ క్లబ్బుకు సొంత ట్రాకు ఏర్పడింది.

సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండి, పొన్నేరి మీదుగా చెన్నైకి పోయే లోకల్ రైలు ఎన్నూరులో ఆగుతుంది. ఎన్నూరు, తిరువొత్తియూరు, తొండియారుపేటలలో బంధువులున్న సరిహద్దు కుటుంబాలు అనేకం. సెలవులకు మేనమామ ఇంటికి వెళ్లిన పిల్లవాడు తిరుగు ప్రయాణంలో ఒక రిమోట్ కారును చంకన పెట్టుకొని రావడం, కువైట్ నుండి వచ్చిన చిన్నాన్న ఇంకొక పెద్ద కారును పెట్టెలోంచి తీయడం మన పల్లెలకు కొత్త కాదు. కారు వచ్చినంత సులభంగా దానిని గూర్చిన తెలివిడి రాదు. ముఖ్యంగా దాని కడుపులోని బ్యాటరీ విషయంలో చాలా ఇండ్లలో ఉన్నది ధైర్యమే గాని జ్ఞానం కాదు.

బొమ్మ వేరు, యంత్రం వేరు

రేడియో తరంగాలతో నడిచే కార్లు అంగడిలోకి వచ్చి ఆరు దశాబ్దాలు కావస్తున్నది. 1966లో ఇటలీకి చెందిన ఎల్-జి అనే సంస్థ ఫెరారీ కారు నమూనాను ఇట్లు తయారు చేసింది. 1976లో జపానుకు చెందిన తమియా సంస్థ పోర్షే 934 నమూనాతో ఈ రంగంలో అడుగు పెట్టిన తరువాత ఇది లోకమంతటా అభిరుచిగా వ్యాపించింది.

నేడు దొరికేవి రెండు జాతులు. మొదటిది బొమ్మ తరగతి. కొన్ని వందల నుండి రెండు మూడు వేల రూపాయలలో దొరుకుతుంది. లోపల ఒకే చిన్న పలక ఉంటుంది. అది చెడితే కారు మూలబడినట్లే. రెండవది అభిరుచి తరగతి. ఇందులో మోటారు, వేగాన్ని నియంత్రించే పరికరం, ముందు చక్రాలను తిప్పే సర్వో, సంకేతాన్ని అందుకొనే రిసీవరు, అన్నీ వేర్వేరు భాగాలు. ఏది విరిగినా దానిని మాత్రమే మార్చుకోవచ్చు. ధర పదివేలకు పైమాటే. చెన్నైలో అన్నాశాలై పక్కనున్న రిచ్చీ వీధి ఎలక్ట్రానిక్ సామగ్రికి ప్రసిద్ధి. అక్కడ మోటార్లు, తీగలు, కనెక్టర్లు, చార్జర్లు దొరుకుతాయి. విడిభాగాలు దొరకని కారు ఎంత అందంగా ఉన్నా కొనకపోవడమే మేలు.

పద్నాలుగేండ్ల లోపు పిల్లలకు కొనే బొమ్మ కారుపై ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదో లేదో చూడాలి. 2021 జనవరి 1 నుండి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఈ ముద్ర తప్పనిసరి. తిరునాళ్ల దుకాణంలో గాని, దారి పక్కన గాని కొన్న కారుకు ఈ ముద్ర లేకపోతే దాని చార్జరును నమ్మడానికి ఆధారమేదీ లేనట్లే. రిమోటులో గుండీ ఆకారపు బ్యాటరీ ఉంటే దాని మూతకు మర బిగించి ఉండాలి. పసిబిడ్డ ఆ గుండీని మింగితే గొంతులోని కండరం కొద్ది గంటల్లోనే కాలిపోతుంది. క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

ఇక రేడియో సంగతి. చవక బొమ్మలు అనేకం 27 మెగాహెర్ట్జ్ తరంగం మీద నడుస్తాయి. అన్నదమ్ములిద్దరికీ ఒకే రకం కారు కొంటే అన్న మీట నొక్కినప్పుడు తమ్ముని కారు పరుగెత్తేది ఇందుచేతనే. 2.4 గిగాహెర్ట్జ్ కార్లలో ఈ గొడవ లేదు. ఒక్కొక్క రిమోటు తన కారును మాత్రమే గుర్తుపడుతుంది. అయితే ఒక క్రమం పాటించాలి. ముందు రిమోటు వేసి తరువాత కారు వేయాలి. ముగించేటప్పుడు ముందు కారు ఆపి తరువాత రిమోటు ఆపాలి. ఈ క్రమం తప్పితే కారు దిక్కు లేక దూసుకుపోయే ప్రమాదమున్నది. రెండు కిలోల బరువున్న కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో కాలి ఎముకకు తగిలితే అది ఆట కాదు.

బ్యాటరీ: సరదాకు ప్రాణం, ఇంటికి గండం

అభిరుచి కార్లలో రెండు రకాల బ్యాటరీలు కనిపిస్తాయి. నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలో ఒక్కొక్క గది 1.2 వోల్టులు; ఆరు గదులు కలిపితే 7.2 వోల్టులు. ఇది మొరటుది, ఓర్పు గలది. కొత్తవారికి, పిల్లలకు తగినది. రెండవది లిథియం పాలిమర్. వాడుకలో లిపో అంటారు. ఒక్కొక్క గది 3.7 వోల్టులు, రెండు గదులు కలిపితే 7.4. బరువు తక్కువ, బలం ఎక్కువ. కానీ దీని స్వభావం సున్నితం.

బ్యాటరీ మీద ముద్రించే అంకెలను చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్లే. ఇంటి పైకప్పు మీది నీటి ట్యాంకును తలచుకోండి. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే నీరు అంత ఒత్తిడితో వస్తుంది, అది వోల్టు. ట్యాంకులో ఎంత నీరు పడుతుందో అది మిల్లీ ఆంపియర్ అవర్. గొట్టం ఎంత లావుగా ఉన్నదో, అంటే ఒక్కసారిగా ఎంత తోడుకోవచ్చునో, అది సి అనే అంకె. 5000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ నుండి కారు సగటున 20 ఆంపియర్లు తోడుకుంటే పావుగంటలో ఖాళీ అవుతుంది. వెయ్యి రూపాయలు పెట్టి కొన్నది పావుగంటేనా అని నిరాశపడేవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి. సి అంకెను మాత్రం తయారీదారులు తరచు ఉదారంగా ముద్రిస్తారు. దానిని పూర్తిగా నమ్మరాదు.

లిపోకు రెండు సరిహద్దులున్నాయి. నిండినప్పుడు గదికి 4.2 వోల్టులు, అంతకు మించి ఎక్కించరాదు. ఖాళీ అయినా 3 వోల్టులకు దిగజారనీయరాదు, అనుభవజ్ఞులు 3.4, 3.5 దగ్గరే ఆట ఆపుతారు. దీనికోసం తక్కువ ధరలో ఒక చిన్న అలారం దొరుకుతుంది. బ్యాటరీ సన్నతీగల కనెక్టరుకు తగిలిస్తే వోల్టు తగ్గగానే కీచుమని అరుస్తుంది. చాలా కార్లలో వేగ నియంత్రణ పరికరమే ఈ కాపలా కాస్తుంది. కానీ అందులో నికెల్‌కు ఒక అమరిక, లిపోకు ఒక అమరిక ఉంటాయి. నికెల్ అమరికలో ఉంచి లిపో పెడితే ఆ కాపలా తప్పి, బ్యాటరీ ఒక్క సాయంత్రంలో చచ్చిపోతుంది. బజారులో కొత్త బ్యాటరీ కొని ఇంటికొచ్చినవారు మొట్టమొదట చూడవలసినది ఈ అమరికనే.

చార్జింగు అన్నిటికంటె ముఖ్యం. నికెల్ చార్జరుతో లిపోను ఎక్కించడం నిప్పుతో చెలగాటం. లిపోకు అన్ని గదులనూ సమానంగా నింపే బ్యాలెన్సు చార్జరు ఉండాలి. 5000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీకి 5 ఆంపియర్లు, 2200 దానికి 2.2 ఆంపియర్లు, ఇది క్షేమకరమైన వేగం. సుమారు గంట పడుతుంది. ఆ గంటసేపూ పెద్దవారొకరు కనుచూపు మేరలో ఉండాలి. రాత్రి చార్జింగు పెట్టి నిద్రపోవడం ఫోనుతో అలవాటైపోయిన దుర్గుణం. ఇక్కడ అది పనికిరాదు.

ఎక్కడ పెట్టి చార్జి చేయాలన్నది పల్లె ఇండ్లలో ఇంకా పెద్ద ప్రశ్న. పూరిపాకలో, మంచం మీద, పరుపు మీద, గడ్డివాము పక్కన, గ్యాసు సిలిండరు దాపున ససేమిరా కూడదు. సిమెంటు గచ్చు మీద మట్టి మూకుడులో బ్యాటరీ ఉంచి, పక్కన ఒక బకెట్టు పొడి ఇసుక పెట్టుకోవడం ఖర్చు లేని ఉపాయం. ఆడి వచ్చిన వెంటనే బ్యాటరీ వేడిగా ఉంటుంది. చల్లబడే దాకా, అంటే చేతికి మామూలుగా తగిలే దాకా, ఆగి తరువాతనే చార్జి చేయాలి. పరిసరాల వేడిమి 45 డిగ్రీలు మించితే లిథియం బ్యాటరీని చార్జి చేయరాదన్నది సాధారణ నియమం. మే నెలలో రేకుల షెడ్డు లోపల ఆ అంకె దాటడం వింత కాదు.

బ్యాటరీ పొట్ట ఉబ్బితే దాని ఆయువు తీరినట్లే. గుచ్చి గాలి తీయాలని చూసేవారున్నారు. అంతకన్న మూర్ఖత లేదు. పొగ, మంట కనిపిస్తే ముందు మెయిన్ స్విచ్చి ఆపి, పిల్లలను బయటికి పంపాలి. ఆ పొగ విషపూరితం. మంట చిన్నదైతే, దగ్గరికి పోగలిగితే ఇసుక కుమ్మరించాలి. లేకుంటే తలుపు వేసి బయటపడి అగ్నిమాపక దళాన్ని పిలవాలి.

పరీక్షల కాలం వచ్చి రెండు నెలలు కారు మూలన పెట్టేటప్పుడు లిపోను నిండుగా గాని, ఖాళీగా గాని వదలరాదు. గదికి 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. మంచి చార్జర్లలో దీనికి స్టోరేజి అనే మీట ఉంటుంది. నికెల్‌కు ఇంత పట్టింపు లేదు. నెలకొకసారి చార్జి చేస్తే చాలు.

ఇసుక, ఉప్పుగాలి, లారీలు

ఎన్నూరు తీరంలో కారు నడపాలని ముచ్చటపడని పిల్లవాడుండడు. కానీ సముద్రపు ఇసుక ఈ యంత్రానికి ప్రథమ శత్రువు. బేరింగులలో, పళ్ల చక్రాలలో దూరి అరగదీస్తుంది. ఉప్పుగాలి ఇనుప మరలకు తుప్పు పట్టిస్తుంది. థర్మల్ కేంద్రాల బూడిద కలిసిన ధూళి దీనికి తోడు. తీరం నుండి వచ్చిన తరువాత మెత్తని కుంచెతో దులిపి, తడి గుడ్డతో తుడిచి, బేరింగులకు ఒక చుక్క నూనె వేయాలి. ఉప్పునీటిలో మునిగిన బ్యాటరీని తిరిగి వాడనే కూడదు. ఇంట్లోకి తేకుండా ఆరుబయటనే ఉంచాలి.

రోడ్డు మీద నడపడం మరీ ప్రమాదం. రేవుకు పోయే కంటైనరు లారీలతో ఎన్నూరు రోడ్లు ఎప్పుడూ రద్దీయే. లారీ డ్రైవరుకు జానెడు ఎత్తు కారు కనబడదు, దాని వెంట పరుగెత్తే పిల్లవాడు కనబడేసరికి ఆలస్యమైపోతుంది. ఈ విషయంలో మన పల్లెలే నయం. కోత అయిన కళ్లం, సెలవురోజున అనుమతితో బడి మైదానం, వేసవిలో ఎండిన చెరువు గర్భం, ఇంతకన్న మంచి ట్రాకు పట్నంలో దొరకదు. పాత టైర్లు నాలుగు వేసి మలుపులు ఏర్పరిస్తే సరి. మేకల మందను, వీధి కుక్కలను దూరంగా ఉంచుకోవాలి.

గల్ఫు నుండి తెచ్చేవారికి ఒక మాట. విడి లిథియం బ్యాటరీని విమానంలో అప్పగించే పెట్టెలో పెట్టడం నిషిద్ధం. చేతి సంచిలోనే, కొసలకు టేపు చుట్టి తేవాలి. 100 వాట్ అవర్ల లోపుదైతే సాధారణంగా అనుమతిస్తారు. వోల్టును ఆంపియర్ అవర్‌తో హెచ్చిస్తే ఆ అంకె వస్తుంది: 7.4 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు అయితే 37. సంస్థను బట్టి సంఖ్యపై ఆంక్షలుండవచ్చు గనుక బయలుదేరే ముందు అడిగి తెలుసుకోవాలి.

పాడైన బ్యాటరీని చెరువులోకో, చెత్తకుప్పలోకో, పొయ్యిలోకో విసరరాదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులపై, దిగుమతిదారులపై ఉన్నది. కొసలు విడివిడిగా టేపు చుట్టి, ఇంటి బయట నీడలో మట్టికుండలో ఉంచి, చెన్నైకో తిరుపతికో పోయినప్పుడు ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకొనే కేంద్రంలో అప్పగించవచ్చు. కిక్కిరిసిన లోకల్ రైలులో ఉబ్బిన బ్యాటరీని మాత్రం వెంట తీసుకుపోరాదు.