తక్కువ ధరలో మంచి స్కోప్: గాజు వెనుక లెక్కలు

కవితలు, కథల మధ్యలో ఈ తుపాకీ గోలేంటి అనుకుంటున్నారా? ఈ వ్యాసం తుపాకీ గురించి కాదులెండి, దాని మీద బిగించే ఒక అడుగు పొడవు గొట్టం గురించి. మనం ఫస్టియర్‌లో మార్కుల కోసం బట్టీపట్టి మర్చిపోయిన ఆప్టిక్స్ మొత్తం ఆ గొట్టంలో పనిచేస్తూ కనిపిస్తుంది. పైగా ఇంజినీరింగ్‌లో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న కూడా అందులోనే ఉంది: చేతిలో డబ్బు తక్కువ ఉన్నప్పుడు దేన్ని వదులుకోవాలి, దేన్ని వదులుకోకూడదు?

వార్మింట్ అంటే ఎవరు?

వెర్మిన్ అనే ఇంగ్లీషు మాట పల్లెల నోట్లో నలిగి వార్మింట్ అయింది. పంటకీ పశువులకీ చేటు చేసే జంతువులని అర్థం. అమెరికాలో మోంటానా, వయోమింగ్, సౌత్ డకోటా రాష్ట్రాల పచ్చిక మైదానాల్లో ఈ పేరు ఎక్కువగా ప్రెయిరీ డాగ్‌కి పడుతుంది. పేరులో డాగ్ ఉంది గానీ అది ఉడుత జాతి. కిలో అటూ ఇటూ బరువు, నేలలో బొరియలు తవ్వుకుని ఊళ్లు ఊళ్లుగా బతుకుతుంది. పశువుల గడ్డి తినేస్తుందని, బొరియల్లో ఆవుల కాళ్లు విరుగుతాయని అక్కడి పశువుల పెంపకందారుల కంప్లైంట్. అందుకే వేటగాళ్లని తమ పొలాల్లోకి రానిస్తారు.

ఇప్పుడు మన సమస్య. చేతిలో .223 రెమింగ్టన్ రైఫిల్ ఉంది. జంతువు 300 గజాల దూరంలో బొరియ అంచున నిలబడి ఉంది. ఒంటి వెడల్పు మూడు నాలుగు అంగుళాలు. స్కోప్ కోసం ఖర్చు పెట్టగలిగింది రెండు మూడు వందల డాలర్లు. తూటా పూర్తిగా తప్పిపోతే నష్టం లేదు. కొద్దిగా తప్పితేనే నష్టం. గాయపడ్డ జంతువు బొరియలోకి దూరి గంటల తరబడి నరకం పడుతూ చస్తుంది, మనకి కనిపించను కూడా కనిపించదు. ఇక్కడ స్కోప్ నాణ్యత అంటే అసలు అర్థం అదే.

ఎన్ని రెట్లు కావాలి?

స్కోప్ పెట్టె మీద 4-12×40 అని ఉంటే, నాలుగు నుంచి పన్నెండు రెట్లు పెద్దది చేసి చూపిస్తుందని, ముందు లెన్స్ వ్యాసం 40 మిల్లీమీటర్లని అర్థం. పన్నెండు రెట్లు దగ్గర 300 గజాల జంతువు 25 గజాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ పనికి అది సరిపోతుంది. మరి 6-24, 8-32 స్కోప్‌లు కూడా అదే ధరకి దొరుకుతున్నాయి కదా, పెద్దదే కొనొచ్చుగా?

ఇక్కడే డిఫ్రాక్షన్ అడ్డం పడుతుంది. రేలీ సూత్రం గుర్తుందా, 1.22 లాంబ్డా బై డి? పచ్చని వెలుగుకి 550 నానోమీటర్లు, లెన్స్‌కి 40 మిల్లీమీటర్లు వేసి చూడండి. దాదాపు మూడున్నర ఆర్క్ సెకన్లు వస్తుంది. మన కన్ను విడదీసి చూడగలిగేది సుమారు 60 ఆర్క్ సెకన్లు. భాగిస్తే 17. అంటే ఆ లెన్స్ ఇవ్వగలిగిన వివరమంతా 17 రెట్ల దగ్గరే కంటికి అందిపోతుంది. ఆపైన బొమ్మ పెద్దదవుతుంది గానీ కొత్తగా తెలిసేది పెద్దగా ఉండదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోని జూమ్ చేసినట్టే. ఇది కూడా లెన్స్ లోపం లేనిదైతేనే. చవక గాజు ఈ హద్దుకి చాలా ముందే మసకబారుతుంది.

దీనికి ఎండ తోడవుతుంది. మధ్యాహ్నం వేడి నేల మీద గాలి అలలు అలలుగా లేస్తుంది, మే నెలలో మన తారు రోడ్డు మీద కనిపించేలాగే. రెట్లు పెంచితే ఆ అలలు కూడా పెరుగుతాయి. చూపు మేర కూడా తగ్గిపోయి, గురిపెట్టిన జంతువుని వెతుక్కోవడమే పనవుతుంది. అందుకని తక్కువ బడ్జెట్‌లో 12 నుంచి 18 రెట్లు దగ్గర ఆగిపోవడం మంచిది. 32 రెట్ల చవక స్కోప్ పేరు గొప్ప, ఊరు దిబ్బ.

వెలుతురు ఎటు పోతోంది?

ముందు లెన్స్ వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే, వెనక నుంచి కంట్లోకి వచ్చే వెలుగు చుక్క సైజు వస్తుంది. దీన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. 40 బై 12 అంటే 3.3 మిల్లీమీటర్లు. పట్టపగలు మన కనుపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కాబట్టి చాలు. వార్మింట్ వేట ఎక్కువగా పగటి పనే. అందుకే 50, 56 మిల్లీమీటర్ల లెన్స్ కోసం అదనంగా పెట్టే డబ్బు ఇక్కడ దాదాపు వృథా.

ఆ డబ్బు పెట్టాల్సింది కోటింగ్ మీద. పూత లేని గాజు ప్రతి ఉపరితలం దగ్గరా దాదాపు 4 శాతం వెలుగుని వెనక్కి కొట్టేస్తుంది. స్కోప్‌లో ఎనిమిది లెన్సులుంటే పదహారు ఉపరితలాలు. 0.96ని పదహారు సార్లు గుణిస్తే 0.52. సగం వెలుగు దారిలోనే పోయింది! ఒక్కో ఉపరితలం దగ్గర నష్టాన్ని అర శాతానికి తగ్గించే పూతలు వేస్తే అదే లెక్క 0.92 అవుతుంది. పైగా పోయిన వెలుగు ఊరికే పోదు, గొట్టంలో అటూ ఇటూ తగిలి బొమ్మ మీద తెల్లటి పొరలా పడుతుంది. పెట్టె మీద ‘కోటెడ్’ అని మాత్రమే ఉంటే ఎక్కడో ఒకచోట పూత ఉందని. ‘ఫుల్లీ మల్టీ కోటెడ్’ అని ఉంటే గాలికి తగిలే ప్రతి ఉపరితలానికీ పలు పొరల పూత ఉందని. ఆ ఒక్క మాట కోసం వెతకండి.

పారలాక్స్: కనిపించని దొంగ

బస్సు డ్రైవర్ పక్క సీట్లోంచి స్పీడోమీటర్ చూస్తే ముల్లు వేరే అంకె మీద ఉన్నట్టుంటుంది కదా? ముల్లు, అంకె ఒకే తలంలో లేకపోవడమే కారణం. స్కోప్‌లోనూ అంతే. లక్ష్యం బొమ్మ, గురి గీతలు ఒకే తలంలో పడకపోతే, కన్ను కొంచెం పక్కకి జరిగినా గురి జరుగుతుంది.

చాలా చవక స్కోప్‌లలో పారలాక్స్‌ని ఫ్యాక్టరీలోనే 100 గజాలకి సరిచేసి వదిలేస్తారు. అప్పుడు 300 గజాల దగ్గర గరిష్ఠ తప్పు ఎంత? లెన్స్ వ్యాసార్థం 20 మిల్లీమీటర్లు. దాన్ని రెండు దూరాల తేడా 200తో గుణించి, సరిచేసిన దూరం 100తో భాగించండి. 40 మిల్లీమీటర్లు, అంటే అంగుళంన్నర పైనే. మూడు అంగుళాల వెడల్పున్న జంతువు నడుమకి గురిపెడితే తూటా అంచుకి తగలడానికి అది చాలు. అంటే కచ్చితంగా మనం భయపడ్డ ఆ గాయమే. కాబట్టి పారలాక్స్ సర్దుకునే ఏర్పాటు, ముందు లెన్స్ చుట్టూ రింగుగా ఉన్నా పక్కన నాబ్‌గా ఉన్నా, తప్పనిసరి. ఈ బడ్జెట్‌లో ఇది దొరుకుతుంది కూడా.

క్లిక్కులు, గీతలు

ఒక డిగ్రీలో అరవయ్యో వంతుని ఎంఓఏ అంటారు. 100 గజాల దగ్గర అది అంగుళం కంటే వెంట్రుకవాసి ఎక్కువ. మామూలు స్కోప్ నాబ్ ఒక్క క్లిక్కుకి పావు ఎంఓఏ జరుగుతుంది. 200 గజాలకి సరిచేసిన .223 తూటా 300 దగ్గర ఏడెనిమిది అంగుళాలు కిందికి దిగుతుంది. అంటే దాదాపు పది క్లిక్కులు పైకి తిప్పాలి, తర్వాత పది వెనక్కి తిప్పాలి. తిప్పినంతా జరగాలి, వెనక్కి తిప్పితే పాత చోటికే రావాలి. స్కోప్‌కి అసలు పరీక్ష ఇదే.

దీన్ని ఇంట్లో కూర్చుని తెలుసుకోలేం, రేంజ్‌లో కాల్చి చూడాలి. ఒకే చుక్కకి గురిపెడుతూ ఇరవై క్లిక్కులు పైకి, ఇరవై కుడికి, ఇరవై కిందికి, ఇరవై ఎడమకి. కాగితం మీద చతురస్రం పడి, చివరి తూటాలు మొదటి వాటి పక్కనే పడితే స్కోప్ నిజాయితీగా ఉన్నట్టు. లేకపోతే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి ఇచ్చేయండి.

ఇంకో చిక్కు. ఈ ధరలో చాలా స్కోప్‌లు సెకండ్ ఫోకల్ ప్లేన్ రకం. వీటిలో గీతల మీది కొలతలు ఒక్క మాగ్నిఫికేషన్ దగ్గరే నిజం, సాధారణంగా గరిష్ఠం దగ్గర. పన్నెండు రెట్లలో రెండు ఎంఓఏ చూపే గీత, ఆరు రెట్లలో నాలుగు ఎంఓఏ అయిపోతుంది. తెలిసి వాడితే ఇబ్బంది లేదు. ఫస్ట్ ఫోకల్ ప్లేన్ కోసం అప్పు చేయక్కర్లేదు.

డబ్బు పంచేదెలా?

స్కోప్‌కే మొత్తం పెట్టేసి, రింగులకి పది డాలర్లు మిగిల్చేవాళ్లు చాలామంది. బేస్, రింగులు కదిలితే ఎంత మంచి గాజైనా దండగే. బడ్జెట్‌లో కొంత ముందే పక్కన పెట్టి, స్క్రూలని చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పినంతే బిగించాలి. ఎక్కువ బిగిస్తే గొట్టం నొక్కుకుపోయి లోపలి భాగాలు ఇరుక్కుంటాయి.

సెకండ్ హ్యాండ్ కూడా మంచి దారే. వోర్టెక్స్, లూపోల్డ్ లాంటి కంపెనీల వారంటీ వస్తువుతో పాటే చేతులు మారుతుంది. కొన్నవాడే తేవాలని, రసీదు చూపాలని అడగరు.

వెలిగే గీతలు, లావు గొట్టం, పెద్ద చక్రాలు చూడ్డానికి బావుంటాయి, కానీ వదిలేయొచ్చు. వదులుకోకూడనివి నాలుగు: పూర్తి కోటింగ్, పారలాక్స్ సర్దుబాటు, నమ్మకంగా తిరిగే క్లిక్కులు, గట్టి రింగులు.

ట్రిగ్గర్ కంటే ముందు

స్కోప్ చేసే మరో పని, ఎదురుగా ఉన్నదేంటో చెప్పడం. యూటా రాష్ట్రపు ప్రెయిరీ డాగ్ చట్టరక్షణ ఉన్న జాతి. ప్రెయిరీ డాగ్‌లనే తిని బతికే బ్లాక్ ఫుటెడ్ ఫెర్రెట్ అంతరించిపోయిందనుకున్నాక, 1981లో వయోమింగ్‌లోని మీటీట్సీ దగ్గర మళ్లీ కనిపించింది. బొరియల్లో గుడ్లగూబలు కూడా కాపురముంటాయి. ఒకరికి చీడ అయినది ఇంకొకరికి అన్నం, ఇల్లు. ఏ జంతువో తేల్చుకోవడానికి విడిగా బైనాక్యులర్ వాడాలి. స్కోప్‌తో వెతకడమంటే, చూసిన ప్రతిదాని మీదా తుపాకీ గురిపెట్టడమే.

మన సంగతి

మన దేశంలో సరదా వేటకి చోటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని నిషేధించింది. వెర్మిన్ అన్న మాట మాత్రం మన చట్టంలోనూ ఉంది. 2022 సవరణకి ముందు ఎలుక, కాకి ఆ జాబితాలో ఉండేవి. 2015 చివర్లో బిహార్‌లోని కొన్ని జిల్లాల్లో నీల్‌గాయిని, అడవి పందిని ఏడాదిపాటు అలా ప్రకటించారు. అడవి పందుల బాధ మన మొక్కజొన్న, వేరుశనగ రైతులకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎంఎస్‌కి వెళ్తున్న సీనియర్లకి ఒక మాట. ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. ఫ్రెండ్ వీకెండ్‌కి రమ్మన్నాడని బయల్దేరే ముందు ఆ నిబంధన చదువుకోండి.

తుపాకీ జోలికి ఎప్పటికీ వెళ్లకపోయినా ఈ లెక్కలు వృథా కావు. రేపు టెలిస్కోప్ కొన్నా, బైనాక్యులర్ కొన్నా, మూడు కెమెరాల ఫోన్ కొన్నా, పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్న అంకెని వదిలేసి, లెన్స్ ఎంత, పూత ఏంటి అని అడగండి. అమ్మేవాడు ఒక్క క్షణం ఆలోచనలో పడితే, మీరు సరైన ప్రశ్నే అడిగారన్నమాట.