కారు హీటరులో మాడు వాసనా? బండి ఆపండి!

పోలవరం: ఎండలకు పేరుపడ్డ గోదావరి తీరాన కారుకు హీటరెందుకని నవ్వేవారే ఎక్కువ. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున మారేడుమిల్లి ఘాట్ ఎక్కే డ్రైవర్లు మాత్రం నవ్వరు. ముందు అద్దం మసకబారి దారి కనబడదు. ఏడాదంతా ముట్టని హీటరును అప్పుడు తిప్పుతారు. గుప్పున మాడు వాసన!

రెండు మూడు నిమిషాల్లో పోతే అది పేరుకున్న దుమ్ము వేడెక్కిన వాసనే. పోకపోతే అనుమానించాల్సిందే.

మన ఊళ్లలో కారు ఉండేది వేపచెట్టు కిందో, గడ్డిమేటు పక్కనో. వైపర్ల కింది జాలీలోంచి ఎండుటాకు లోపలికి జారుతుంది. ఎలుక వరిగడ్డితో పరుపే వేసుకుంటుంది. ఈ చెత్త అడ్డుపడితే గాలి విసిరే మోటారు బిగుసుకుని తీగలు వేడెక్కుతాయి. మోటారు విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు బాగవుతుంది. తీగల ప్లగ్గు నల్లబడి కరిగితే మాత్రం మార్చక తప్పదు.

ఫ్యూజు పోయిందని సిగరెట్టు పెట్టె రేకు చుట్టే ఘనులున్నారు. తీగలు కాలకుండా తాను కాలిపోవడమే ఫ్యూజు పని. రేకు కాలదు, కాలేది బండి!

వాసన తియ్యగా ఉండి, అద్దం లోపలివైపు జిడ్డు పడితే హీటరులో కూలెంట్ కారుతున్నట్టు. ఇంజను వేడిమీద రేడియేటరు మూత తీయరాదు.

హీటరు కట్టేసినా వాసన ఆగకపోతే ఇంజను ఆపి, పిల్లాజెల్లా అందరూ దిగి దూరంగా నిలబడాలి. బానెట్టు సందుల్లోంచి పొగ వస్తుంటే దాన్ని బార్లా తెరవకూడదు. గాలి తగిలి మంట లేస్తుంది.