వనరాజ్ భాటియా

వనరాజ్ భాటియా (1927 మే 31 - 2021 మే 7) ప్రముఖ భారతీయ సంగీత దర్శకుడు. వాణిజ్య ప్రకటనలకు, దూరదర్శన్ ధారావాహికలకు, శ్యామ్ బెనెగల్ చిత్రాలకు ఆయన కూర్చిన సంగీతం ప్రసిద్ధి చెందింది. తెలంగాణ నేపథ్యంగా వచ్చిన అంకుర్, నిశాంత్ చిత్రాలకు, తెలుగు చిత్రం అనుగ్రహంకు సంగీత దర్శకుడు ఆయనే.

విద్యాభ్యాసం

భాటియా బొంబాయిలో జన్మించారు. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో ఆంగ్ల సాహిత్యం చదివిన తరువాత లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లోను, పారిస్‌లో నాడియా బూలాంజే వద్దను పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం అభ్యసించారు. 1959లో స్వదేశానికి తిరిగి వచ్చి, 1960 నుండి 1965 వరకు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాశ్చాత్య సంగీతశాస్త్రం బోధించారు.

ప్రకటనల సంగీతం

ప్రకటన కోసం కూర్చే చిన్న పాటను జింగిల్ అంటారు. దీని నిడివి సాధారణంగా అర నిమిషానికి మించదు. పల్లవి, చరణం అంటూ విస్తరించే వీలు ఇందులో ఉండదు. మొదటి స్వరాలకే శ్రోత చెవి ఒగ్గాలి, ముగిసేసరికి వస్తువు పేరు గుర్తుండిపోవాలి. శక్తి సిల్క్ చీరల ప్రకటనతో ఈ రంగంలో అడుగుపెట్టిన భాటియా మొత్తం 7,000కు పైగా జింగిల్స్ కూర్చారని చెబుతారు. లిరిల్ సబ్బు, గార్డెన్ వరేలి చీరలు, డ్యూలక్స్ రంగుల ప్రకటనలు వీటిలో ప్రసిద్ధమైనవి. లిరిల్ ప్రకటనలో పదాల కంటే గొంతు పలికే స్వరానిదే ప్రాధాన్యం. అందువలన భాషాభేదం లేకుండా అది దేశమంతటా చేరింది.

తెలుగు నేలతో అనుబంధం

హైదరాబాదులో పెరిగిన శ్యామ్ బెనెగల్ కూడా ప్రకటనల రంగం నుండి సినిమాలకు వచ్చినవారే. ఆయన తొలి కథాచిత్రం అంకుర్ (1974), ఆ తరువాతి నిశాంత్ (1975) తెలంగాణ పల్లెల భూస్వామ్య వ్యవస్థను చిత్రించాయి. 1978లో బెనెగల్ హిందీలో కొండూరా, తెలుగులో అనుగ్రహం పేర్లతో ఒకే కథను చిత్రించారు. వీటన్నిటికీ భాటియాయే సంగీతం అందించారు.

ధారావాహికలు

తెలుగులో ప్రైవేటు ఛానళ్ళు మొదలైన 1995కు ముందు ఇంటింటా చూసినది దూరదర్శనే. ఖాన్‌దాన్ (1985), తమస్ (1988), వాగ్లే కీ దునియా (1988), భారత్ ఏక్ ఖోజ్ (1988) ధారావాహికలకు భాటియా సంగీతం కూర్చారు. 53 భాగాల భారత్ ఏక్ ఖోజ్ ప్రారంభ గీతానికి ఋగ్వేదంలోని నాసదీయ సూక్తాన్ని, దాని హిందీ అనువాదాన్ని తీసుకొని బృందగానంగా మలిచారు. పాశ్చాత్య బృందగానంలో ఆయన పొందిన శిక్షణ ఇక్కడ వేదమంత్రానికి తోడైంది. తమస్‌కు ఉత్తమ సంగీత దర్శకునిగా జాతీయ పురస్కారం లభించింది.

గుర్తింపు, చివరి సంవత్సరాలు

భాటియా 1989లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2012లో పద్మశ్రీ అందుకున్నారు. అయితే సినిమా తెరపై సంగీత దర్శకుని పేరు వేసినట్లు ప్రకటనలో జింగిల్ కూర్చినవారి పేరు వేయరు. ఆ కారణంగా ఆయన స్వరాలు ఎరిగినంతమంది ఆయన పేరు ఎరుగరు. 2012లో కాపీహక్కు చట్టానికి జరిగిన సవరణ, సినిమా పాటను థియేటర్ల వెలుపల వినియోగించినప్పుడు వచ్చే రాయల్టీలో స్వరకర్తలకు, రచయితలకు వాటా కల్పించింది. అప్పటికి ఆయన వయస్సు 85 సంవత్సరాలు. 2019లో ఆయన ఆర్థిక ఇబ్బందులలో ఉన్నట్లు పత్రికలలో వార్తలు వచ్చాయి. 2021లో తన 93వ ఏట ముంబైలో మరణించారు.