ఆరడుగుల దూరం కుదరని బడి

కరోనా కారణంగా మూతపడిన బడులను తిరిగి తెరవడానికి కేంద్ర విద్యాశాఖ 2020 అక్టోబరు 5న విడుదల చేసిన మార్గదర్శకాలు, పిల్లల మధ్య ఆరడుగుల ఎడం ఉండాలన్న నియమాన్ని ప్రధానంగా చెప్పాయి. సాధారణ పాఠశాలకు ఆ నియమం కష్టమైనదే గాని అసాధ్యమైనది కాదు. ప్రత్యేక అవసరాలు గల పిల్లల పాఠశాలలో మాత్రం అది మొదటి గంటలోనే నిలవని నియమం. నోటికి ముద్ద అందించడం, బిగుసుకున్న కాలిని మెల్లగా సాగదీయడం, మరుగుదొడ్డికి తీసుకువెళ్లడం, చేతిలో చెయ్యి వేసి అక్షరం దిద్దించడం, భయపడిన పిల్లవాణ్ణి పొదివి పట్టుకోవడం, ఇవన్నీ ఒంటికి ఒళ్లు ఆనుకుని చేసే పనులు, అక్కడ చదువు చాలావరకు స్పర్శ ద్వారానే సాగుతుంది. కాబట్టి ఇటువంటి బడిని తెరిచేటప్పుడు దూరాన్ని నమ్ముకోలేమని ముందుగా ఒప్పుకుని, రక్షణను గాలిలో, చిన్న జట్లలో, చుట్టూ ఉండే పెద్దల ఆరోగ్యంలో వెతుక్కోవలసి ఉంటుంది.

బళ్లారి నగరానికి దగ్గరలో ఉన్న సంగనకల్లు, నవీన శిలాయుగపు రాతిగొడ్డళ్ల తయారీ స్థలంగా పురావస్తు శాస్త్రవేత్తలకు చిరపరిచితమైన ఊరు. ఇటువంటి బడి ఎదుర్కొనే చిక్కులకు ఇక్కడ దానిని ఉదాహరణగా తీసుకోవడానికి కారణం మాత్రం వేరు, అది భాష. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి రాగా, బళ్లారి తాలూకా మైసూరు రాష్ట్రానికి, అంటే నేటి కర్ణాటకకు, చెందింది. దానితో ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ కన్నడం అనే జీవితం ఇక్కడి ఎన్నో కుటుంబాలకు స్థిరపడిపోయింది. మామూలు పిల్లలు రెండు భాషలనూ ఆటల్లోనే పట్టుకుంటారు. మాట ఆలస్యమైన పిల్లవాడికి, తల్లి నోట వచ్చే పది పదిహేను మాటలే లోకమైనవాడికి అది అంత సులభం కాదు, ఆ రెండు భాషల నడుమ వంతెనగా ఉండేది అతణ్ణి ఎరిగిన ఉపాధ్యాయురాలే. బడులు మూతపడ్డాక కర్ణాటకలో పాఠాలు దూరదర్శన్ చందన ద్వారా కన్నడంలో వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా తెలుగులో వచ్చాయి. మేధో వైకల్యం, అంటే నేర్చుకోవడంలోనూ రోజువారీ పనులు చక్కబెట్టుకోవడంలోనూ వయసుకు తగ్గ సామర్థ్యం రాకపోవడం, ఉన్న తెలుగింటి పిల్లవాడికి వీటిలో ఏదీ బడి కాలేకపోయింది.

2020 మార్చి మధ్యలో కర్ణాటకలో బడులు మూతపడినప్పుడు సాధారణ విద్యార్థులకు పోయింది పాఠం, ఈ పిల్లలకు పాఠంతో పాటు చికిత్స కూడా పోయింది. సెరిబ్రల్ పాల్సీ, అంటే పుట్టుకకు ముందో తరువాతో మెదడుకు కలిగిన దెబ్బ వల్ల కదలిక అదుపు తప్పే స్థితి, ఉన్న పిల్లల కండరాలను రోజూ సాగదీయకపోతే అవి క్రమంగా కురచబడి కీళ్లు వంగినచోటే బిగుసుకుపోతాయి, అలా బిగిసిన కీలును మళ్లీ దారికి తేవడానికి కొన్నిసార్లు శస్త్రచికిత్స తప్పదు. ఆటిజం ఉన్న పిల్లలకు ప్రతి పనీ రోజూ ఒకే వేళకు ఒకే తీరున జరగడమే నిబ్బరం, ఆ క్రమం ఏ వివరణా లేకుండా తెగిపోతే నిద్ర చెడుతుంది, తిండి మానేస్తారు, తమను తామే కొట్టుకుంటారు. మూర్ఛకు మందు వాడే పిల్లల కుటుంబాలకు లాక్‌డౌన్‌లో రవాణా ఆగి మందు అందకపోవడం మరో గండం. ఈ భారమంతా ఇంట్లో ఒక్క మనిషి మీద, చాలాచోట్ల తల్లి మీద పడింది, కూలికి వెళ్లవలసిన తల్లికి అది ఎంత బరువో వేరే చెప్పనక్కరలేదు.

బడులు తెరిచిన క్రమాన్ని చూస్తే ఈ పిల్లలు ఎవరి లెక్కలోనూ లేరని తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2020 నవంబరు 2న 9, 10 తరగతులతో మొదలుపెట్టింది, తెలంగాణ 2021 ఫిబ్రవరి 1న 9వ తరగతి నుంచి పైవారిని పిలిచింది. కర్ణాటక 2021 జనవరి 1న 10వ తరగతిని, పీయూసీ (ఇంటర్) రెండో సంవత్సరాన్ని తెరిచి, రెండో విడత ఉధృతికి మళ్లీ మూసి, ఆగస్టు 23న 9వ తరగతి నుంచి పైవారిని, సెప్టెంబరు 6న 6 నుంచి 8 తరగతులను, అక్టోబరు 25న 1 నుంచి 5 తరగతులను రప్పించింది. పబ్లిక్ పరీక్ష ఎవరికి దగ్గరగా ఉందో వారు ముందు అన్నది ఈ వరుసలోని తర్కం. తరగతి సంఖ్యే లేని పిల్లవాడు ఆ వరుసలో ఎక్కడ నిలబడాలి? 14 ఏళ్లు నిండినా చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్చుకుంటున్నవాడు ఏ తరగతి విద్యార్థి? అవసరాన్ని బట్టి కాక పరీక్షను బట్టి తలుపు తీసిన ఈ క్రమం ఈ పిల్లల విషయంలో తప్పు అనే చెప్పాలి. అమెరికాలో జాతీయ విజ్ఞాన అకాడమీల నివేదిక 2020 జులైలోనే చిన్న తరగతుల పిల్లలనూ ప్రత్యేక అవసరాలు గలవారినీ ముందుగా బడికి రప్పించాలని సూచించింది. ఇంగ్లండులో 2020 మార్చిలో బడులు మూసినప్పుడు కూడా ప్రత్యేక విద్యా ప్రణాళిక ఉన్న పిల్లలకు తలుపు పూర్తిగా మూయలేదు.

ముందుగా తెరవడమంటే తొందరపడి తెరవడం కాదు. ఈ పిల్లలలో కొందరికి ప్రమాదం నిజంగానే ఎక్కువ. డౌన్ సిండ్రోమ్, అంటే 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండటం వల్ల పుట్టుకతో వచ్చే స్థితి, ఉన్న పెద్దవారిలో కోవిడ్ మరణాల ముప్పు ఇతరులకన్నా సుమారు 10 రెట్లని బ్రిటన్‌లో 2020లో జరిగిన అధ్యయనం తేల్చింది. గుండె లోపాలు, మింగడంలో ఇబ్బంది, తరచూ వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు ఉన్న పిల్లల విషయంలో బడికి రావడమా, ఉపాధ్యాయుడే ఇంటికి వెళ్లడమా అన్నది వారిని చూసే వైద్యుడితో కూర్చుని ఒక్కొక్కరికి విడిగా నిర్ణయించాలి. పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్షలో తీవ్ర వైకల్యం గల పిల్లలకు ఇంటివద్ద విద్య అనే ఏర్పాటు ఇంతకుముందే ఉంది. పిల్లలను బడికి రప్పించడానికి తల్లిదండ్రుల లిఖితపూర్వక అంగీకారం తీసుకోవాలన్న అప్పటి నియమం మంచిదే, అయితే తెలుగు మాత్రమే తెలిసిన తల్లి చేత కన్నడ కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే అది అంగీకారం అనిపించుకోదు. ముప్పు ఏమిటో, బడి ఏ జాగ్రత్తలు తీసుకుంటుందో ఆమె భాషలో చెప్పాలి, వద్దన్నా పిల్లవాడి పేరు కొట్టివేయబోమని కూడా చెప్పాలి.

కోవిడ్ వైరస్ దగ్గినప్పుడు పడే పెద్ద తుంపరలతో పాటు, మాట్లాడినా ఊపిరి విడిచినా వెలువడి గాలిలో చాలాసేపు తేలే ఏరోసాల్స్ అనే అతి సన్నని కణాల ద్వారా కూడా వ్యాపిస్తుంది. మొదటి నెలల్లో అందరి శ్రద్ధా బల్లలూ గొళ్లేలూ తుడవడం మీద నిలిచింది, కాని ఉపరితలాన్ని తాకడం వల్ల వ్యాధి సోకే అవకాశం సాధారణంగా ప్రతి 10,000 సార్లలో ఒకటి కన్నా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో ప్రకటించింది. రసాయనాలకు పెట్టే డబ్బూ శ్రమా కిటికీలకు పెట్టడం మేలని దీని అర్థం. ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంటే గాలి ఒకవైపు నుంచి వచ్చి మరోవైపుకు పోతుంది, ఒకే వైపు కిటికీ ఉన్న గదిలో ఫ్యానును బయటికి ముఖం పెట్టి నిలిపితే లోపలి గాలిని అది నెట్టివేస్తుంది. గదిలో గాలి ఎంత మారుతున్నదో కార్బన్ డయాక్సైడ్ మీటరు చెబుతుంది: ఆరుబయట గాలిలో ఆ వాయువు పది లక్షల భాగాలకు 400 పైచిలుకు ఉంటుంది, గదిలో అది 800 లోపు ఉంటే గాలి బాగా ఆడుతున్నట్టు లెక్క. ఇంగ్లండు ప్రభుత్వం 2021లో బడులకు సుమారు 3 లక్షల మీటర్లు పంపాలని నిర్ణయించి, ప్రత్యేక పాఠశాలలకు మొదటి వరుసలో చోటిచ్చింది. మీటరు లేనిచోట పిల్లలు లేని వేళ ఒక అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో, ఎంతసేపు గదిలో నిలుస్తుందో చూసినా కొంత తెలుస్తుంది.

సంగనకల్లు పరిసరాలలో గాలికి మరో చిక్కుంది. గ్రానైటు క్వారీలున్న ప్రాంతం కావడం వల్ల కిటికీ తెరిస్తే గాలితో పాటు దుమ్ము రావచ్చు, ఉబ్బసం ఉన్న పిల్లవాడికి అది వేరే ముప్పు. దుమ్ము వచ్చే వైపు కిటికీని పలచని తడిబట్టతో కప్పడం, రెండో వైపు పూర్తిగా తెరవడం, పొడి చీపురుకు బదులు తడిబట్టతో నేల తుడవడం వంటి చిన్న ఉపాయాలు ఇక్కడ అవసరమవుతాయి. వీటన్నిటికన్నా మేలైనది ఆరుబయలు. బెర్లిన్ పక్కన షార్లొటెన్‌బర్గులో 1904లోనే బలహీనమైన పిల్లల కోసం అడవిలో ఆరుబయలు బడి పెట్టారు. కర్ణాటకలో 2020 ఆగస్టులో మొదలైన విద్యాగమ కార్యక్రమంలో ఉపాధ్యాయులు చెట్ల కిందా గుడి ఆవరణల్లోనూ పిల్లలను చిన్న గుంపులుగా కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఉపాధ్యాయులకూ పిల్లలకూ వ్యాధి సోకిందన్న వార్తలతో అక్టోబరులో దానిని ఆపివేశారు. గుంపులు కలిసిపోకుండా చూడటం, చెప్పేవారి ఆరోగ్యాన్ని కాపాడటం కూడా తోడైతేనే చెట్టునీడ రక్షణ ఇస్తుందని ఆ అనుభవం నుంచి గ్రహించాలి. బళ్లారి ఎండలకు వేసవిలో మధ్యాహ్నం బయట కూర్చోలేరు కాబట్టి ఉదయపు వేళను వసారాకు, వేపచెట్టు కిందికి మార్చుకోవాలి. స్పీచ్ థెరపీ, అంటే మాట పలికించే చికిత్స, ముఖాముఖి కూర్చుని నోరు తెరిచి శబ్దం చేయించే పని కావడం వల్ల దానికి తలుపులు మూసిన ఏసీ గది తగదు.

మాస్కు విషయంలో మొండితనం పనికిరాదు. 5 ఏళ్లు, అంతకు లోపు వయసు పిల్లలకు మాస్కు తప్పనిసరి చేయరాదని, ఎదుగుదలలో లోపాలున్న పిల్లల విషయంలో ఒక్కొక్కరిని చూసి నిర్ణయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2020 ఆగస్టులో చెప్పాయి. చొంగ కారే పిల్లవాడి మాస్కు నిమిషాల్లో తడిసి ఊపిరికి అడ్డుపడుతుంది, తానుగా దానిని తీసివేసుకోలేని పిల్లవాడికి మాస్కు కట్టడం ప్రమాదం. పిల్లవాడు పెట్టుకోలేనప్పుడు పెద్దవారి మాస్కు మరింత బిగువుగా, మరింత మంచిదిగా ఉండాలి. చెవిటి పిల్లలకు పెదవుల కదలికా ముఖకవళికలూ భాషలో భాగమే కనుక వారి ఉపాధ్యాయులకు పారదర్శకమైన మాస్కు కావాలి. చూపులేని పిల్లవాడికి వేళ్లే కళ్లు, అతని చేతికి గ్లవ్స్ తొడిగితే బ్రెయిలీ చుక్కలు అందవు కాబట్టి చదవడానికి ముందూ తరువాతా సబ్బుతో చేతులు కడిగించడమే దారి. ప్రతిదీ నోట్లో పెట్టుకునే పిల్లల మధ్య శానిటైజరు సీసా ఉంచకూడదు, కడగడానికి వీలైన బొమ్మలను పిల్లవాడికో డబ్బా చొప్పున విడిగా ఉంచాలి.

తాకక తప్పని చోట, తాకే చేతుల సంఖ్యను తగ్గించాలి. ఐదారుగురు పిల్లలు, ఒక ఉపాధ్యాయురాలు, ఒక ఆయా కలిసి ఒక జట్టుగా ఉండి, తిండి, ఆట, ఆటో ప్రయాణం అన్నిటిలో ఆ జట్టు మరో జట్టుతో కలవకుండా ఉంటే, ఒకరికి జబ్బు వచ్చినా బడి అంతా మూయనక్కరలేదు. ఫిజియోథెరపిస్టు వంటివారు అన్ని జట్లనూ చూడవలసి వస్తుంది కనుక రోజుకు ఒక్క జట్టుకే కేటాయించుకోవాలి. సంగనకల్లు నుంచి బళ్లారికి పిల్లలను తెచ్చే ఆటో డ్రైవరు కూడా జట్టులో మనిషే, పక్కలు తెరిచి ఉన్న ఆటో అద్దాలు బిగించిన వ్యానుకన్నా నయం. జట్టులో జబ్బును త్వరగా పట్టుకోవడానికి పరీక్ష కూడా కావాలి: అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రత్యేక పాఠశాలల్లో ముక్కులో పుల్ల పెట్టనీయని పిల్లలకు లాలాజల పరీక్ష చేయడం సాధ్యమేనని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం చూపింది.

గొంతు నొప్పిగా ఉందని చెప్పలేని పిల్లవాడి జబ్బును ఎవరు కనిపెట్టాలి? ద్వారం దగ్గర నుదుటికి గురిపెట్టే థర్మామీటరు ఒక్కటే చాలదు. ఇష్టమైన తిండి వద్దనడం, అకారణంగా చిరాకుపడటం, వేళకాని వేళ నిద్ర, తలను గోడకు కొట్టుకోవడం వంటి మార్పులను ఆ పిల్లవాణ్ణి రోజూ ఎరిగినవారే పోల్చగలరు, అందుకే ఉదయం ఆటో ఎక్కించేటప్పుడు తల్లి చెప్పే రెండు మాటలను ఒక పుస్తకంలో రాసుకోవడం ఏ యంత్రానికీ తీసిపోని పరీక్ష. జబ్బు లక్షణం కనిపించిన పిల్లవాణ్ణి విడిగా ఉంచవలసి వస్తే తెలిసిన మనిషి ఒకరు అతని దగ్గర ఉండి తీరాలి. నెలల తరబడి ఇంట్లో ఉన్నవాణ్ణి ఒక్కసారిగా రోజంతా బడిలో కూర్చోబెట్టడం కూడా తగదు: ముందుగా మాస్కు పెట్టుకున్న ఉపాధ్యాయురాలి ఫొటోను ఇంటికి పంపి, తరువాత ఖాళీ బడిని చూపి, మొదటి వారం గంటసేపు, తరువాత పూటసేపు అంటూ పెంచుకుంటూ పోవాలి.

టీకా వచ్చాక పరిస్థితి మారింది గాని ఈ పిల్లలకు అది ఆలస్యంగా అందింది. 15 నుంచి 18 ఏళ్లవారికి 2022 జనవరి 3న, 12 నుంచి 14 ఏళ్లవారికి మార్చి 16న టీకాలు మొదలయ్యాయి. మొదటివారికి వేసిన కోవాగ్జిన్, రెండోవారికి వేసిన కార్బెవాక్స్ రెండూ హైదరాబాదు సంస్థల తయారీయే. 12 ఏళ్ల లోపువారికి ప్రభుత్వ టీకా కార్యక్రమం చేరనేలేదు. కనుక చిన్న పిల్లలకు ఉన్న కవచమల్లా చుట్టూ ఉన్న పెద్దలకు పడిన టీకాయే, అందులో ఉపాధ్యాయులతో సమానంగా ఆయా, వంటమనిషి, డ్రైవరు, ఇంట్లో నాయనమ్మ కూడా ఉండాలి.

2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 8వ సెక్షన్ విపత్తు వేళ వైకల్యం గలవారికి సమాన రక్షణ ఇవ్వాలని, 31వ సెక్షన్ 6 నుంచి 18 ఏళ్ల వయసు గల, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్న పిల్లలకు ఉచిత విద్య ఇవ్వాలని ఆదేశిస్తున్నాయి. రక్షణ పేరు చెప్పి చదువును, చదువు పేరు చెప్పి రక్షణను వదిలివేసే వీలు ఏ జిల్లా అధికారికీ లేదు. ఈ పిల్లల తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఒక విజ్ఞప్తి: జ్వరం వచ్చిన రోజున ఆసుపత్రిలో పిల్లవాడు తన సంగతి తాను చెప్పుకోలేడు కాబట్టి, అతను వాడే మందులు, అతనికి అర్థమయ్యే భాష, భయపడినప్పుడు అతణ్ణి ఊరడించే పద్ధతి, అతని పక్కన ఉండవలసిన మనిషి ఫోన్ నంబరు ఒక కాగితం మీద తెలుగులోనూ కన్నడంలోనూ రాసి, ఒక ప్రతిని ఇంట్లో, మరొక ప్రతిని బడిలో ఇప్పుడే ఉంచండి.