కెమెరా కొనుడు తర్వాత, యాడ నిలబడాలెనో ముందుగాల నేర్చుకోన్రి

వీడియోలు తీసుడు నేర్చుకోవాలనుకునే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "అన్నా, ఏ కెమెరా కొనాలె?" డిగ్రీ చదివి ఖాళీగ ఉన్న తమ్ముడు అదే అడుగుతడు. పెండ్లిండ్లల్ల ఫొటోలు తీసే తమ్ముడు అదే అడుగుతడు. ఇంటికాడ బీడీలు చుట్టుకుంట ఫోన్ల రీల్స్ చూసే చెల్లె గూడ అదే అడుగుతది. నా జవాబు సుత ఒక్కటే: ఇప్పుడే ఏదీ కొనకున్రి. కిస్తీల మీద పిరం కెమెరా తెచ్చి, పెండ్లిండ్ల సీజన్ అయిపోంగనే కిస్తీ కట్టలేక సగం ధరకు అమ్ముకున్నోళ్ళను నేను చూసిన. వాళ్ళ దగ్గర కెమెరాకు కొదవ లేదు, పనితనానికే కొదవ.

ఆ పనితనం ఏందో, జేబుల ఉన్న ఫోన్‌తోనే దాన్ని ఎట్ల నేర్చుకోవచ్చో చెప్పెటందుకే ఇది రాస్తున్న.

పస్తాపూర్ అక్కలు పెట్టిన పేర్లు

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ పక్కన పస్తాపూర్ ఉన్నది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడి సంస్థ. జొన్న, సజ్జ, కొర్ర పండించే దళిత ఆడోళ్ళ సంఘాలే దాని బలం. దాన్ని నిలబెట్టినోళ్ళల్ల పి.వి. సతీష్ ఒకరు. 2023ల చనిపోయిండు. ఆయన అంతకుముందు దూరదర్శన్ల ప్రొడ్యూసర్. 1975-76ల ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపెట్టిన సైట్ ప్రయోగంల పనిచేసిన మనిషి. ఆ రోజుల్ల టీవీ చెప్తది, పల్లె వింటది. అంతే పద్ధతి. 1990ల చివర్ల పస్తాపూర్ల అది తిరగబడ్డది. సంఘం ఆడోళ్ళ చేతికే కెమెరా ఇచ్చి నేర్పుడు మొదలైంది. 2001ల కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ అని వాళ్ళదే ఒక సంస్థ ఏర్పడ్డది.

వాళ్ళల్ల ఎక్కువ మంది బడి మొఖం చూడనోళ్ళు. సినిమా బడులల్ల చెప్పే హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్ అనే మాటలు వాళ్ళు బట్టీ పట్టలేదు. తమ బతుకుల నుంచి పేర్లు తీసుకున్నరు. కెమెరా పై నుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. పటేల్ గద్దె మీద కూసోని కింద ఉన్నోళ్ళను గట్లనే చూస్తడు గదా. కింద నుంచి పైకి చూస్తే అది జీతగాడి చూపు, నేల మీద కూసోని దొరను చూసే చూపు. కండ్లకు కండ్లు సమంగ ఉంటే అది సంఘం షాట్. సంఘంల ఎవ్వరూ ఎక్కువ గాదు, ఎవ్వరూ తక్కువ గాదు.

నేను చదివిన కెమెరా పాఠాలల్ల ఇంతకంటే మంచిది నాకు దొరకలే. కెమెరా ఎత్తు అనేది లెక్కల విషయం గాదు, ఎవరు ఎవర్ని ఎట్ల చూస్తున్నరనే విషయం. సినిమాలల్ల మన యాసను ఏండ్లకేండ్లు రౌడీలకు, జోకర్లకే పెట్టిన్రు. టీవీల పల్లె అంటే కరువొచ్చినప్పుడో, జాతరప్పుడో కనపడేది. అదంతా పటేల్ షాటే. ఇప్పుడు ఊరూరికీ ఫోన్ కెమెరా వచ్చింది. అయినా మనోడే మనోళ్ళను పై నుంచి తీస్తే చూపు మారనట్టే.

ఆ అక్కలు చేసిన పని జర చూడున్రి. 2002ల మన దేశంల బీటీ పత్తికి అనుమతి ఇచ్చిన్రు. ఆ మొదటి పంట కాలంలనే వాళ్ళు కెమెరా పట్టుకొని వరంగల్ జిల్లా పత్తి చేన్లకు పోయిన్రు, రైతుల నోటి నుంచి లాభనష్టాల లెక్క రికార్డు చేసిన్రు. బీటీ పత్తి మీద వరంగల్ రైతులకు ఎందుకు కోపమొచ్చిందనే సినిమా 2003ల బయటికొచ్చింది. దేశం బయట సుత దాన్ని చూసిన్రు. ఒక ఎకరానికి పెట్టుబడి ఎంతైతది, కాయ ఎట్లుంటది, పురుగు ఎప్పుడొస్తది అనేది అడగాల్సిన తీరుల అడిగిన్రు. ఆ ప్రశ్నలు కెమెరా షాపుల దొరకయి. సాగు తెలిసినోళ్ళకే వస్తయి. మీకు గూడ మీ ఊరు ఎరుక. అదే మీ పెట్టుబడి.

బీడీలు చుట్టుడు తోటి మొదటి పాఠం

ఒక పని తీసుకొని నేర్చుకుందాం. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఇంటింట ఉండేది బీడీ పని. మీ అమ్మనో, పెద్దమ్మనో చేట ఒళ్ళె పెట్టుకొని చుట్టుకుంట కూసున్నది. మీరు నిలబడి ఫోన్ ఆన్ చేస్తే ఏం కనపడతది? నడినెత్తి, చేట. పటేల్ షాట్ అయింది. ఆమె పక్కన మీరు గూడ నేల మీద కూసోన్రి. ఫోన్ ఆమె కండ్ల ఎత్తుకు తెచ్చుకోన్రి.

ఇగ అయిదు షాట్లు తీయున్రి. ఒకటి, చేతులు: తునికాకు కత్తిరిచ్చుడు, తంబాకు పోసుడు, చుట్టి దారం కట్టుడు. రెండు, ముఖం. మూడు, దూరం నుంచి మొత్తం వాకిలి. నాలుగు, ఆమె భుజం మీదికెళ్ళి, ఆమెకు కనపడేది మనకు కనపడేటట్టు. అయిదు, అందరూ వదిలేసేదేదన్న ఒకటి: నానబెట్టిన ఆకు, అరిగిన కత్తెర, గోడకు తగిలిచ్చిన కంపెనీ కార్డు. ఒక్కో షాట్ పది సెకండ్లు కదలకుండ పట్టున్రి. కొత్తోళ్ళు రెండు సెకండ్లకే ఫోన్‌ను అటిటు తిప్పుతరు. ఇంటికొచ్చి చూస్తే వాడుకునేటందుకు ఒక్క ముక్క గూడ ఉండది.

స్టాండ్ లేకపోతే మోచేతులు పక్కటెముకలకు ఆనిచ్చి పట్టుకోన్రి. గోడకు ఒరుగున్రి. చేన్ల అయితే గట్టు మీద ఇసుక సంచి పెట్టి దాని మీద ఫోన్ పెట్టున్రి. జూమ్ చెయ్యకున్రి, కాళ్ళతోటి దగ్గరికి పోన్రి.

ఇద్దరు మాట్లాడుకునేది తీసేటప్పుడు ఇంకొక లెక్క ఉన్నది. ఆ ఇద్దరి నడుమ ఒక గట్టు ఉన్నట్టు అనుకోన్రి. మీరు గట్టుకు ఒక్క దిక్కే ఉండాలె. ఇటు కొంత, అటు దాటి కొంత తీస్తే, కలిపినంక ఇద్దరూ ఒక్క దిక్కే చూసుకుంట ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అనిపిస్తది.

వెలుగు, చప్పుడు

వెలుగుకు పైసలు పెట్టేది లేదు. పొద్దుగాల, పొద్దుగూకె యాళ్ళ ఎండ మెత్తగ ఉంటది. నడిమింట ఎండ కండ్ల కింద నల్లటి నీడ ఏస్తది, అప్పుడు మనిషిని యాపచెట్టు కిందికి తీసుకపోన్రి. అర్రల అయితే దర్వాజ దగ్గర, ముఖం వెలుగు దిక్కు ఉండేటట్టు కూసోబెట్టున్రి. కిటికీ వెనుక పడితే మనిషి నల్లగ మసక అయితడు. స్క్రీన్ల ముఖం మీద వేలు ఒత్తి పట్టుకుంటే చాలా ఫోన్లల్ల వెలుగు, ఫోకస్ అక్కడనే ఆగుతయి. అప్పుడు మధ్యల వెలుగు ఎక్కువ తక్కువ గాదు.

ట్యూబ్‌లైట్ల కింద తీస్తే వీడియోల నల్లటి గీతలు పారుతుంటయి. ఫోన్ ఖరాబయిందని భయపడతరు. కారణం కరెంటు. మన దేశంల కరెంటు 50 హెర్ట్జ్. అంటే లైటు సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువ అయితది, కంటికి కనపడదు, కెమెరాకు కనపడతది. సెట్టింగ్స్‌ల ఫ్రేమ్ రేటు 25, షటర్ యాభైల ఒకటో వంతు పెడితే ఆ గీతలు పోతయి. మన టీవీ గూడ 25 ఫ్రేముల మీదనే నడిచింది. 4కే మోజు ఇప్పుడు వద్దు. అది 1080 కంటే నాలుగింతల చుక్కలు. ఫోన్ నిండుతది, వేడెక్కుతది. చూసేటోళ్ళు గూడ చిన్న ఫోన్లనే చూస్తరు.

అన్నిటికంటే ఎక్కువ మంది చెడగొట్టేది చప్పుడు. బొమ్మ జర మసక ఉన్నా జనం చూస్తరు, మాట ఇనపడకపోతే దాటిపోతరు. ఫోన్ ఆరడుగుల దూరంల ఉంటే మాట కంటే ఊరి చప్పుడే ఎక్కువ పడతది. వైర్ ఇయర్‌ఫోన్ మైకును ఇంకో ఫోన్‌కు పెట్టి, ఆ ఫోన్ మాట్లాడే మనిషి జేబుల పెట్టి, మైకు నోటికి జానెడు దూరంల ఉంచున్రి. రెండు రికార్డింగులు మొదలైనంక ఒక్కసారి చప్పట్లు కొట్టున్రి. ఆ చప్పుడు పట్టుకొని ఎడిటింగ్‌ల బొమ్మనూ మాటనూ కలుపుకోవచ్చు. రెండు ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌ల ఉండాలె, లేకుంటే మంచి మాటప్పుడే ఫోనొస్తది. బోరు మోటర్, గాలి, పక్కింటి టీవీ, మూడు చూసుకోన్రి. ఆపగలిగింది ఆపున్రి, లేకుంటే జాగ మారున్రి. ఎవ్వరూ మాట్లాడకుండ ఆ జాగ చప్పుడు ఒక్క నిమిషం వేరే రికార్డు చేసుకోన్రి. కోతల నడుమ అతుకేసేటందుకు అది పనికొస్తది.

ఎడిటింగ్ కాయిదం మీద మొదలైతది

ఫోన్ల కోసుడు మొదలుపెట్టకముందు నోట్‌బుక్కుల రాసుకోన్రి: ఏ షాట్ల ఏమున్నది, ఏ మాట ఎన్నో నిమిషంల ఉన్నది, ఏది ముందు, ఏది వెనుక. ఇది రాసుకున్నోడు గంటల చేసే పని రాయనోడు రెండు రోజులు చేస్తడు. కంప్యూటర్ ఉంటే డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ నేర్చుకోన్రి, పెద్ద సినిమాలకు గూడ అదే సాఫ్ట్‌వేర్ వాడుతరు. ఫోన్ల అయితే కైన్‌మాస్టర్, వీఎన్ లాంటివి చాలు. రంగులు, ఎఫెక్టులు తర్వాత. ఒక మాట ఎక్కడ ఆపాలె, ఒక చూపు ఎంతసేపు ఉంచాలె, గదే ఎడిటింగ్.

తీసిన అసలు ఫైలును ముట్టకున్రి, రెండు జాగలల్ల దాచున్రి. ఊర్ల భూమి పంచాది తీసినా, రేషన్ల మోసం తీసినా, రేపు ఎవడన్న "ఇది కల్పించింది" అంటే మీకు దిక్కు ఆ అసలు ఫైలే. వాట్సప్‌ల మామూలుగ పంపితే వీడియో కుదించుకపోతది, డాక్యుమెంట్ లెక్క పంపితే ఉన్నది ఉన్నట్టు పోతది.

అడగకుండ తీయకున్రి

అప్పుల బాధతోటి రైతు చచ్చిపోయిన ఇంటికి పోయి, కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్చే అక్క ముఖం మీద మైకు పెట్టి "ఎట్ల అనిపిస్తున్నదమ్మా?" అని అడిగే వీడియోలు మనం దినాం చూస్తున్నం. అది వార్త గాదు. ముందుగాల కూసోవాలె, మాట్లాడాలె, ఎందుకు తీస్తున్నమో, యాడ పెడతమో చెప్పాలె, వద్దంటే ఫోన్ జేబుల పెట్టుకోవాలె. తీసినంక వాళ్ళకు చూపెట్టాలె. సంఘం షాట్ అంటే ఎత్తు ఒక్కటే గాదు, ఇది గూడ.

చట్టం గూడ ఎరుక ఉండాలె. అత్యాచారం జరిగిన ఆడబిడ్డ పేరుగానీ, ఎవరో గుర్తుపట్టే ఆనవాలుగానీ బయటపెట్టుడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల మీద లైంగిక నేరమైతే పోక్సో చట్టం 23వ సెక్షన్ అదే చెప్తది: పేరు, ఇల్లు, బడి, ఫొటో ఏదీ రావద్దు. ముఖం మసక చేసి ఇంటి ముందట గేటు చూపెట్టినా ఊరందరికీ తెలుస్తది. యూట్యూబ్ ఛానెళ్ళ తమ్ముండ్లు ఇది బాగ యాదికి పెట్టుకోవాలె.

మరి బువ్వ సంగతి?

ఇది అడగకుండ ఉంటె అబద్ధం అయితది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిల 2012ల మొదలైన మై విలేజ్ షో మనందరికీ ఎరుకే. గంగవ్వ దాని తోటి రెండు రాష్ట్రాలకు తెలిసింది. దాన్ని చూసి అందరం గట్లనే అయితమనుకునుడు తప్పు. వాళ్ళ వెనుక ఏండ్ల పని ఉన్నది. యూట్యూబ్ ప్రకటనల పైసలు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిల 4,000 గంటల చూపు ఉండాలె, లేకుంటే 90 రోజులల్ల కోటి షార్ట్స్ వ్యూస్. అది దాటినంక గూడ నెల నెలకు జీతం లెక్క ఏం రాదు.

ఛానెళ్ళకు స్ట్రింగర్‌గ పోతే జీతం ఉండది, ముక్కకింత ఇస్తరు, అదీ చాలాసార్లు సరిగ్గ ఇయ్యరు. యాడ్స్ తెమ్మని ఒత్తిడి పెడతరు. ఐడీ కార్డుకు పైసలు అడిగేటోళ్ళ దగ్గరికి అసలే పోవద్దు. నా లెక్కల కొత్తోళ్ళకు మంచి తొవ్వ, పెండ్లి వీడియోలు తీసే పనిమంతుని దగ్గరనో, ఎడిటర్ దగ్గరనో ఆరు నెలలు సహాయకునిగ ఉండుడు. లైటు పట్టుకుంట, వైర్లు చుట్టుకుంట చూసి నేర్చుకున్నది మర్చిపోరు. సౌండ్ పని నేర్చుకునేటోళ్ళు తక్కువ, గందుకే దాంట్ల గిరాకి ఉన్నది.

చదువుకునే చోట్లు సర్కారువి గూడ ఉన్నయి. పుణెల ఎఫ్‌టీఐఐ 1960 నుంచి నడుస్తున్నది. టీవీ విభాగంల కెమెరా, ఎడిటింగ్, సౌండ్ కోర్సులున్నయి, డిగ్రీ ఉండాలె, ప్రవేశ పరీక్ష రాయాలె. ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్ల లక్షలు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడుగున్రి. కెమెరా నా చేతికి వారంల ఎన్ని గంటలు ఇస్తరు? ఒక కెమెరాకు ఎంతమంది? పాఠం చెప్పేటోళ్ళు తీసిన పని చూపెట్టుర్రి. పోయినేడు నేర్చుకున్న ముగ్గురు పిల్లల నంబర్లు ఇయ్యిర్రి. నాలుగింటికీ జవాబు రాకపోతే మీ నాయిన వడ్లమ్మిన పైసలు ఆడ పొయ్యకున్రి.

ఈ నెల ఒక్క పని చెయ్యున్రి. మీ ఊర్ల ఒక మనిషి పని ఎంచుకోన్రి: కుమ్మరి చక్రం, సాలె మగ్గం, ఉపాధి హామీ కూలి, ఆశా అక్క ఇల్లిల్లు తిరుగుడు. ఆ మనిషికి చెప్పి, వారానికి ఒక్కసారి నాలుగు వారాలు పోయి తీయున్రి. మూడు నిమిషాలకు కోసి, ముందుగాల ఆ మనిషికే చూపెట్టున్రి. "గిది నా పనే, మంచిగ చూపెట్టినవ్ బిడ్డా" అంటే, అప్పుడు ఏ కెమెరా కొనాలెనో మాట్లాడుకుందాం.