పుట్టిన యూరిలో యాత్రికురాలు

జాంజిబారు తూర్పు ఆఫ్రికా తీరమునకు చేరువనున్న దీవి. మా పొరుగింటి గుజరాతీ వదినగారు అచటనే జన్మించి, 1964 జనవరిలో జరిగిన విప్లవము పిమ్మట, పదేండ్ల ప్రాయమున, తల్లిదండ్రులతో ఓడనెక్కి వచ్చివేసిరి. కడచిన యేడు ఆమె మరల అచటికి పోవగా నేనును వెంట వెళ్ళితిని.

పాతనగరమును యునెస్కోవారు 2000లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. ఇరుకు వీథులు, చెక్కడపు తలుపులు, వానినిండ ఇత్తడి మొనలు. ఏనుగుల తాకిడి కోర్చుటకై మనదేశమున పుట్టిన పద్ధతి యని మార్గదర్శకుడు చెప్పగా వదినగారు నవ్విరి. ఆ దీవిలో ఏనుగు లెక్కడివి! సుల్తాను 1883లో కట్టించిన అద్భుతభవనములో నొక భాగము 2020 డిసెంబరులో కూలినది. దానిని వెలుపలినుండియే చూచితిమి.

పిమ్మట బానిసల సంత జరిగినచోటికి పోయితిమి. 1873లో సంత మూతపడగా అచట చర్చి వెలసినది. ఆవరణములోని గొయ్యిలో, మెడలకు గొలుసులతో, విగ్రహములు నిలిచియున్నవి.

"ఈ దారినే దినమును బడికి పోయెడిదానను. మాకెవ్వరును చెప్పలేదు, చెల్లీ!" అనిరి వదినగారు.

ఆ వ్యాపారమునకు పెట్టుబడి పెట్టినవారిలో మనదేశపు వర్తకులును గలరని విని ఆమె చాలసేపు మాటాడలేదు. బాలికకు తెలియని యూరు, టిక్కెట్టు కొన్న యాత్రికురాలికి తెలిసినది.

వారి యిల్లిప్పుడు హోటలు. గది కావలెనా యని గుమాస్తా ఇంగ్లీషులో నడిగెను. వదినగారు బదులీయక, గడపకడ నిలిచి "హోడీ!" యని పిలిచిరి. పరులయింట అడుగిడుటకు ముందు అనుమతి కోరు స్వాహిలీమాట యది. లోపల నేల తుడుచుచున్న యొక ముదుసలి, తలయెత్తకయే, "కరీబు" అనెను. రమ్మని యర్థము.